పెద్ద పిల్లికి క్యాట్ ట్రీనా, గోడ షెల్ఫులా?

వెన్నెల_కిటికీ:
మా ఇంట్లో రెండు పిల్లులు. పెద్దదానికి 13 ఏళ్లు, చిన్నదానికి 2. రెండూ బయటికి వెళ్లవు. పెద్దది ఇన్నాళ్లూ బల్ల మీంచి బీరువా పైకెక్కి పడుకునేది. నెల రోజులుగా బల్ల మీదే ఆగిపోయి పైకి చూస్తోంది, ఎక్కడం లేదు. ఎక్కడానికి ఏదైనా ఏర్పాటు చేయాలనుకుంటున్నాను. నిలువు క్యాట్ ట్రీ (స్తంభానికి పలకలు బిగించిన, పిల్లులు ఎక్కే స్టాండు) కొనాలా, గోడకు షెల్ఫులు కొట్టించాలా?

బూడిదతోక:
షెల్ఫులే. మా ఇంట్లో ఆరడుగుల క్యాట్ ట్రీ ఉండేది. పిల్లి దూకిన ఊపుకి మొత్తం ఒరిగి పడిపోయింది. పిల్లికి ఏం కాలేదనుకోండి. నాలుగైదు కిలోల పిల్లే కదా అనుకుంటాం గానీ, పరుగెత్తుకొచ్చి పై పలక మీదికి దూకితే ఆ తోపు చాలా ఎక్కువ. అడుగు పలక చిన్నదైతే ఇక అంతే. గోడకు బిగించిన షెల్ఫుతో ఆ భయం లేదు.

రెండుపిల్లుల_ఇల్లు:
అడుగు చిన్నదాన్ని కొని ట్రీలన్నీ పడిపోతాయంటే ఎలాగండీ? కొనేముందు పై పలక పట్టుకుని గట్టిగా ఊపి చూడాలి. అడుగు వెడల్పుగా, బరువుగా ఉండాలి. అదీ చాలకపోతే గోడకు ఒక బ్రాకెట్ వేయాలి. షెల్ఫులతో రానిది ఇంకొకటుంది, గోళ్లు గీరుకునే స్తంభం. పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి ఒళ్లంతా సాగదీసి గీరాలి. అందుకు 80, 90 సెంటీమీటర్ల ఎత్తయినా ఉండాలి, కదలకూడదు. సిసల్ అనే గరుకు నార తాడు చుట్టినదైతే మంచిది. పాదాల్లోని గ్రంథుల వాసన అక్కడ వదిలి ఇది నా చోటు అని చెప్పుకుంటాయి కూడా.

బూడిదతోక:
గోడకు బ్రాకెట్ వేయక తప్పదని మీరే అంటున్నారు. అంటే ఆపేది గోడే కదా. ఆ గోడకు షెల్ఫే కొడితే సరిపోతుంది.

రెండుపిల్లుల_ఇల్లు:
ఆవిడ గోడ ఎలాంటిదో మీకు తెలుసా? ఇటుక గోడలో ప్లగ్ దింపి స్క్రూ బిగిస్తే ఆగుతుంది. లోపల బోలుగా ఉండే బోర్డు గోడకు, వెనకున్న చట్రంలోకి దిగకపోతే స్క్రూ ఊడొస్తుంది.

బూడిదతోక:
నాది ఇటుక గోడే. ఎనిమిదేళ్లలో ఒక్క స్క్రూ కదల్లేదు.

జాజితీగ:
షెల్ఫు పైన కార్పెట్ ముక్క అంటించండి. నున్నటి చెక్క మీద కాలు జారుతుంది.

రెండుపిల్లుల_ఇల్లు:
అడిగింది మీ స్క్రూల గురించి కాదండీ.

నిద్రగన్నేరు:
ముందు డాక్టర్‌కి చూపించారా? 12 ఏళ్లు దాటిన పిల్లుల్లో ఎక్కువ వాటికి ఎక్స్‌రేలో కీళ్ల అరుగుదల కనిపిస్తుంది. చాలావరకు కుంటవు, అరవవు. దూకబోయి ఆగిపోవడం ఒక గుర్తు.

బూడిదతోక:
అలాగైతే దానికి ఎత్తే వద్దు. షెల్ఫులూ వద్దు, ట్రీ వద్దు. కింద మెత్తటి పరుపు వేయండి. బీరువా దగ్గర్నుంచి బల్ల కూడా తీసేయండి.

రెండుపిల్లుల_ఇల్లు:
మేమూ అదే చేశాం. దెబ్బ తగులుతుందని మా ముసలిదానికి పైకెళ్లే దారులన్నీ మూసేశాం. చిన్నదానికి చెలగాటం, దానికి ప్రాణసంకటం. నేల మీద ఎటు కదిలినా చిన్నది ఎదురొచ్చేది. మంచం కిందే ఉండిపోయింది, రాత్రి మేం పడుకున్నాకే వచ్చి తినేది. మట్టి ట్రే దాకా వెళ్లే ధైర్యం లేక మంచం కిందే తడిపేది. దానికి వయసు మీద పడిందనుకున్నాం. భయమని తెలిసేసరికి ఆలస్యమైంది. పరుపు వేస్తే చాలని దయచేసి ఎవరికీ చెప్పకండి.

బూడిదతోక:
పడిపోయిన పిల్లిని మీరు చూడలేదు. పైన ఏం కాలేదని రాశాను, అది నిజం కాదు. దానికి 14 ఏళ్లు. ట్రీతో పాటే పడింది, వెనక కాలు విరిగింది. మళ్లీ సోఫా కూడా ఎక్కలేదు. షెల్ఫులు ఆ తర్వాత తెచ్చుకున్న పిల్లి కోసం కొట్టించాను.

రెండుపిల్లుల_ఇల్లు:
అయ్యో. నాకు తెలియదండీ. కానీ నేను ఆరడుగులు ఎక్కించమనడం లేదు. నడుమెత్తు చాలు, చిన్నదాన్ని పైనుంచి చూడగలగాలి, అంతే. మెట్టుకీ మెట్టుకీ మధ్య 30 సెంటీమీటర్లకు మించకుండా, దూకే పని లేకుండా కాళ్లు మార్చి ఎక్కేలా ఉండాలి. అది ఒళ్లు చాపి పడుకునేంత పలక కావాలి. ఎక్కడానికి ఒక దారి, దిగడానికి ఇంకొకటి. ఒక్కటే దారైతే చిన్నది కింద కాపు కాస్తుంది.

బూడిదతోక:
రెండో దారి సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు, నాకు ఒక్క పిల్లే. ఎత్తు మాత్రం నడుము దాటనివ్వకండి.

వెన్నెల_కిటికీ:
పొద్దుటి నుంచి గదిలోనే కూర్చుని చూశాను. పెద్దది బల్ల మీదికి రాగానే చిన్నది వచ్చి బీరువా అంచున కూర్చుంటోంది. ఇన్ని రోజులూ పెద్దదాన్నే చూశాను గానీ దాని పైన ఎవరున్నారో చూడలేదు. రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను, కీళ్లు కూడా చూపిస్తాను. మెట్ల కొలతలు రాసుకున్నాను.

బూడిదతోక:
నడుమెత్తే అయినా సరే, గోడకు బ్రాకెట్ వేయించండి.