నా హెచ్-ఇండెక్స్ 2, కెమిస్ట్రీ సార్‌ది 34: ఇద్దరికీ ఒకటే ఫారం

తిరగలిపాట:

అందరికీ నమస్కారం. నేను ఒక యూనివర్సిటీలో తెలుగు చెబుతాను, పదిహేడేళ్ళయింది. ఈసారి మా దగ్గర ఉత్తమ పరిశోధకుల అవార్డుకి అన్ని డిపార్టుమెంట్లకీ కలిపి ఒకటే ఫారం ఇచ్చారు. నాలుగే గడులు. స్కోపస్‌లో (పరిశోధన వ్యాసాల అంతర్జాతీయ డేటాబేస్) ఉన్న పేపర్లు, మొత్తం సైటేషన్లు (మన రచనని ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో), హెచ్-ఇండెక్స్ (పేపర్లనీ సైటేషన్లనీ కలిపి తేల్చే ఒక అంకె), ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల (జర్నల్‌లో పేపరుకి సగటున వచ్చే సైటేషన్ల లెక్క) కూడిక. పుస్తకాలకి గడే లేదు.

నా పని తిరగలి పాటలు, దంపుళ్ళ పాటల మీద. కోనసీమలోనూ, శ్రీకాకుళం వైపూ తిరిగి ముసలమ్మల పక్కన కూర్చుని రికార్డు చేసుకున్నవి. రెండు పుస్తకాలు, ఇరవై ఆరు వ్యాసాలు. ఇంగ్లీషులో రాసినవి మూడు, అందులో స్కోపస్‌కి ఎక్కింది ఒకటి. గూగుల్ స్కాలర్ చెప్పే లెక్క ప్రకారం సైటేషన్లు 19, హెచ్-ఇండెక్స్ 2. పక్క బ్లాకులో కెమిస్ట్రీ సార్‌ది 34. ఆయన కష్టజీవి, రాత్రి తొమ్మిదింటికి కూడా ల్యాబులో లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆయన మీద నాకేమీ లేదు. కానీ ఆ 34 పక్కన నా 2 రాయాలంటే చెయ్యి ఆడటం లేదు.

మధ్యలో ఒక తమాషా కూడా జరిగింది. పోయిన నెల ఒక పొద్దున చూస్తే నా సైటేషన్లు 231! ఏమిటా అని తెరిస్తే వరి తెగుళ్ళ మీద పేపర్లు. నా పేరే, నా ఇంటిపేరు మొదటి అక్షరమే ఉన్న వ్యవసాయ శాస్త్రవేత్త ఎవరో ఉన్నారు, ఆవిడవన్నీ నా ఖాతాలో కలిశాయి. తీసేశాను. రెండు రోజులు ఆగి తీసేశాను, అది కూడా చెప్పాలి.

వేరే వేరే రంగాల వాళ్ళని ఈ అంకెలతో పోల్చడానికి సరైన పద్ధతి ఏదైనా ఉందా? లేకపోతే గడులు ఖాళీగా వదిలెయ్యనా?

పుస్తకాలబీరువా:

మేడమ్, నేను లైబ్రరీ ఉద్యోగిని. ఈ అంకెలు తీసి డీన్ ఆఫీసుకి పంపేది మేమే. కాబట్టి మొదటగా, ఖాళీగా వదలకండి. ఖాళీ గడిని వాళ్ళు సున్నా అనే చదువుతారు.

హెచ్-ఇండెక్స్‌ని 2005లో జార్జ్ హిర్ష్ అనే కాలిఫోర్నియా భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించాడు. పన్నెండు పేపర్లకి ఒక్కోదానికి కనీసం 12 సైటేషన్లు ఉంటే హెచ్ 12. మూడే పుస్తకాలు రాసి, ఒక్కోదాన్ని రెండొందల మంది ఉదహరించినా హెచ్ 3 దాటదు. అంటే ఏళ్ళ తరబడి కూర్చుని ఒక పుస్తకం రాసే రంగాలకి ఇది మొదట్లోనే పొసగదు. హిర్ష్ ఆ పేపర్లోనే ఒక పోలిక ఇచ్చాడు. అప్పటికి భౌతికశాస్త్రంలో అందరికన్నా పైన ఉన్న ఎడ్వర్డ్ విట్టెన్‌కి 110, జీవశాస్త్రాల్లో పైనున్న సాలమన్ స్నైడర్‌కి 191. విట్టెన్ తక్కువవాడని దీన్నిబట్టి ఎవరంటారు? సైన్సులో సైన్సుకే ఇంత తేడా ఉంటే, తెలుగుకీ కెమిస్ట్రీకీ మధ్య ఎంతుంటుందో చూసుకోండి.

పోల్చి తీరాలంటే రంగాన్ని బట్టి సర్దిన అంకె వాడాలి. స్కోపస్ వాళ్ళ దగ్గర ఎఫ్‌డబ్ల్యూసీఐ అని ఒకటుంది. అదే ఏడాది, అదే రంగంలో, అదే రకం రచనకి ప్రపంచంలో సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయో చూసి, మీకు వచ్చినవాటిని దానితో భాగిస్తారు. 1 వస్తే సగటు, 2 వస్తే సగటుకి రెట్టింపు. ఆలోచన బాగుంది. చిక్కల్లా, స్కోపస్‌లో లేని రచన దానికి కనబడదు. మీవి ఇరవై ఎనిమిది రచనలైతే అది చూసేది ఒక్కదాన్నే. ఒక్క పేపరు మీద సగటు తీస్తే అది సగటు కాదు, లాటరీ.

ఇక మీ తెలుగు వ్యాసాల సంగతి. వాటి పీడీఎఫ్‌లు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో ఉన్నాయా? ఒకసారి తెరిచి, ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. పిచ్చి గుర్తులు వస్తే గూగుల్‌కి కనబడేది కూడా అదే. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి చెత్త. మిమ్మల్ని ఉదహరించినవాళ్ళ వ్యాసాలూ అదే ఫాంట్లో ఉంటే, ఆ పాదసూచికల్లో మీ పేరు ఉన్నా ఏ యంత్రమూ లెక్కపెట్టదు. మా దగ్గర తెలుగు శాఖ సావనీర్లన్నీ ఇంతే. 1924 నుంచి దశాబ్దాలపాటు వచ్చిన ‘భారతి’ పత్రికలో ఎంత పరిశోధన ఉందో మీకు నేను చెప్పాలా? ఈ లెక్కల్లో దానికి చోటెక్కడ?

కాబట్టి చేత్తో లెక్కపెట్టండి. శోధగంగలో (మన యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు ఉంచే వెబ్‌సైటు) మీ రంగం సిద్ధాంత గ్రంథాలు తీసి, చివర ఉపయుక్త గ్రంథసూచి చూడండి. స్కాన్ చేసిన పేజీలు కాబట్టి వెతకడం కుదరదు, కళ్ళతోనే చదవాలి. వారం పడుతుంది. మీ పుస్తకం ఏయే యూనివర్సిటీ సిలబస్‌లో ఉందో కాగితం సంపాదించండి. అన్నీ ఒక పేజీలో రాసి ఫారానికి జతచేయండి. దాని పైన ఒక్క మాట: పరిశోధనని అంకెలతో ఎలా కొలవాలో చెబుతూ 2015లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన లైడెన్ మేనిఫెస్టోలో పది సూత్రాలున్నాయి, స్థానికంగా అవసరమైన పరిశోధనలో మేలైనదాన్ని కాపాడాలన్నది వాటిలో మూడోది. కమిటీలో ఒక్కరైనా దాని పేరు విని ఉంటారు.

ఓర్కిడ్ నంబరు (ఒక్కో పరిశోధకుడికీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకున్నారా? వరి తెగుళ్ళ బాధ చాలావరకు తగ్గుతుంది.

బీకరు:

నేను 34 వాణ్ణి కాదు గానీ 29 వాణ్ణి. కెమిస్ట్రీయే.

ఈ అంకె ఎలా పెరుగుతుందో లోపలివాడిగా చెబుతాను. నా దగ్గర ఆరుగురు పీహెచ్‌డీ విద్యార్థులు. ఒక్కో పేపర్లో ఐదారు పేర్లు, అన్నింట్లోనూ చివర నా పేరు. ఒక్కో పేపరు కింద యాభై అరవై రెఫరెన్సులు. అందరం అలాగే రాస్తాం కాబట్టి అందరికీ సైటేషన్లు వస్తుంటాయి. మేడమ్ ఒక్కరే ఊరు తిరిగి, ఒక్కరే రాశారు. హెచ్-ఇండెక్స్ ఈ రెంటికీ తేడా చూడదు. 2015లో హిగ్స్ కణం బరువు మీద సెర్న్ అనే యూరప్ భౌతికశాస్త్ర ప్రయోగశాల నుంచి వచ్చిన పేపరుకి రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లే. వాళ్ళందరి ఖాతాలోనూ అదొక పూర్తి పేపరే.

ఇంకొకటి. సైటేషన్ అంటే గొప్పతనం కాదు, వాడకం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారినే తీసుకోండి. ఫిస్కేతో కలిసి 1925లో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు. ల్యాబుల్లో తరతరాలుగా దాన్ని వాడారు, వాడిన ప్రతివాడూ ఉదహరించాడు. నాలుగేళ్ళ తర్వాత అదే ఇద్దరూ కండరంలో ఏటీపీని పట్టుకున్నారు. ప్రాణానికి ఇంధనం అది! ఆ పేపరుకి మాత్రం మొదటిదానితో పోలిస్తే సైటేషన్లు చాలా తక్కువ. వంటపుస్తకం పేజీ నలిగినట్టు పద్ధతి చెప్పిన పేపరే నలుగుతుంది.

యూజీసీ వాళ్ళు అధ్యాపకుల నియామకాలు, ప్రమోషన్ల 2018 నిబంధనల్లో ఈ తేడాని కొంచెం ఒప్పుకున్నారు. సైన్సు పేపరుకి 8 మార్కులు, భాషల పేపరుకి 10. అది చూసి సంతోషించేలోపే కింద ఇంకో వరస: ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 10 దాటితే అదనంగా 30, అసలు ఇంపాక్ట్ ఫ్యాక్టరే లేని రిఫరీడ్ (నిపుణులు చదివి ఒప్పుకున్నాకే వేసే) జర్నలైతే 5. తెలుగు జర్నల్‌కి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కడిది? ఒక చేత్తో రెండు మార్కులిచ్చి రెండో చేత్తో పాతిక లాక్కున్నారు.

మీ పక్క బ్లాకు సార్‌తో మాట్లాడండి మేడమ్. ఆయనకీ ఇదంతా తెలిసే ఉంటుంది. నేనైతే మీ జతపత్రం మీద సంతకం పెడతాను.

శేషం_సున్నా:

లెక్కల డిపార్టుమెంటు నుంచి ఒక చిన్న మాట. మా హెచ్‌లు కూడా కెమిస్ట్రీ ముందు నిలబడవు, మాకూ మీ ఫారమే ఇస్తారు.

స్టాటిస్టిక్స్‌లో పేరుమోసిన సి.ఆర్. రావు గారు విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివారు. 1945లో, పాతికేళ్ళ వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపరు వేశారు. స్టాటిస్టిక్స్‌లో అందరూ వాడే క్రేమర్-రావ్ బౌండ్, రావ్-బ్లాక్‌వెల్ సిద్ధాంతం రెండూ అందులోవే. ఇప్పుడు వాటిని వాడేవాళ్ళు పేరు రాస్తారు, రెఫరెన్సు రాయరు. పాఠ్యపుస్తకంలోకి ఎక్కేశాక మూలవ్యాసం ఎవరికి కావాలి? ఆ పేపరుకి 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు ఆయన వయసు నూట రెండు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ల కూడికలో ఆ బులెటిన్‌కి ఎంత వేస్తారో మీ కమిటీని అడగండి.

తిరగలిపాట:

అందరికీ ధన్యవాదాలు. వారం కాదు, పన్నెండు రోజులు పట్టింది.

శోధగంగలో 63 సిద్ధాంత గ్రంథాలు తిరగేశాను. 22 చోట్ల నా పుస్తకం పేరుంది. రెండు చోట్ల నా పేరు తప్పుగా ఉంది, వాటినీ కలిపాను. ఒక గ్రంథంలో అయితే నేను సేకరించిన పదకొండు పాటలు పాఠాంతరాలతో సహా దిగిపోయాయి. పాట పాడిన ముసలమ్మ పేరుంది, నా పేరు లేదు. కోపం రావాల్సింది గానీ, ఆవిడ పేరైనా ఉంచారు కదా అనిపించింది. దాన్ని లెక్కలో వెయ్యాలా వద్దా అని ఒక పూట ఆలోచించి, వెయ్యలేదు.

బీరువా గారు చెప్పినట్టు నోట్‌ప్యాడ్ పరీక్ష చేశాను. ఇరవై మూడు తెలుగు వ్యాసాల్లో పంతొమ్మిది చెత్తగానే వచ్చాయి. ‘తిరగలి’ అన్న మాట ఒక్కచోట కూడా తిరగలిగా లేదు.

కెమిస్ట్రీ సార్ దగ్గరకి వెళ్ళాను. జతపత్రం చదివి, “ఇతరుల పరిశోధనని సమీక్షిస్తూ రాసిన నా రివ్యూ పేపర్లు రెండు తీసేస్తే నా సైటేషన్లు సగమే మేడమ్” అని నవ్వారు. సంతకం అడగలేదు, మొహమాటపడ్డాను. గడుల్లో 1, 19, 2 అని ఉన్నదున్నట్టు రాసి, వెనక రెండు పేజీలు పెట్టి ఇచ్చాను. ఆఫీసులో క్లర్కు అటూ ఇటూ తిప్పి చూసి, “వీటికి గడి లేదు మేడమ్” అన్నాడు. స్టేప్లర్ అడిగి నేనే పిన్ను కొట్టాను.

ఇప్పుడు ఆ పంతొమ్మిదింటినీ యూనికోడ్‌లోకి మార్చాలి. వత్తులు చెడకుండా, ముఖ్యంగా ‘ళ్ళ’, ‘ర్చ’ లాంటివి విరిగిపోకుండా మార్చే కన్వర్టర్ ఎవరికైనా తెలిస్తే చెప్పండి. పాటల్లో సాగదీసిన అక్షరాలు చాలా ఉంటాయి.