చలికాలంలో వెదురుకు గోనె చుట్టాలా, మొదలు కప్పితే చాలా?

మిషిగన్_పెరడు
డెట్రాయిట్ శివారులో ఉంటాం. పక్కింటికీ మాకూ మధ్య చాటుగా ఉంటుందని రెండేళ్ల కిందట ఎల్లో గ్రూవ్ వెదురు వేశాను. మొదటి చలికాలం గట్టెక్కింది. ఈ జనవరిలో ఒక రాత్రి మైనస్ 22 డిగ్రీల సెల్సియస్ దాకా దిగింది, దానికి తోడు మూడు రోజులు ఆగని గాలి. ఇప్పుడు మార్చి చివరికొచ్చాం, ఆకులన్నీ ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. మొక్క కొన్న నర్సరీలో అడిగితే "గోనె చుట్టి ఉండాల్సింది, ఇక మొదలంటా కొట్టేయండి" అన్నారు. మా ఆవిడ కొన్నాళ్లు చూద్దామంటోంది. ముళ్ల వెదురు పొదల పక్కన పెరిగినవాణ్ణే కానీ, చలికి వెదురు ఇలా అవడం ఎప్పుడూ చూడలేదు. కొట్టేయాలా? వచ్చే ఏడు చుట్టాలా?

ఒహాయో_అక్క
తమ్ముడూ, కత్తి పక్కన పెట్టు. ఆకు పోతే బొంగు పోయినట్టు కాదు. బొంగు పోయినా నేలలోది పోయినట్టు కాదు. చలికి ముందు ఆకు ఎండుతుంది, తర్వాత బొంగు, అన్నిటికన్నా చివర నేల లోపలి కాండం. ఎల్లో గ్రూవ్ తట్టుకునే చలి మైనస్ 23 దగ్గర. నీ మొక్క ఆ అంచుదాకా వెళ్లొచ్చింది. మా పెరట్లో రెండు చలికాలాలు ఇలాగే గోధుమరంగుకు తిరిగి, మే నెలాఖరుకు కణుపుల దగ్గర మళ్లీ చిగురు వేసింది.

మన ముళ్ల వెదురుతో దీన్ని పోల్చకు. అది వేడి నేలల మొక్క, వానలు పడ్డాక కొమ్ము తీస్తుంది. ఇది చైనా నుంచి వచ్చిన చలిప్రాంతపు జాతి, వసంతంలోనే పిలక పెడుతుంది. ఇక్కడి ఏప్రిల్, మే నెలలే దీనికి తొలకరి.

గోనె దండగ. మొదట్లో జానెడు మందాన ఎండాకులు పరుచు, చాలు.

బఫలో_మట్టిచేతులు
అక్కా, దండగ అంటే ఒప్పుకోలేను. చలికాలంలో వెదురును చంపేది చలి ఒక్కటే కాదు, దాహం కూడా. నేల గడ్డకట్టాక వేరుకు నీరు అందదు. వెదురేమో ఆకు రాల్చదు, ఎండా గాలీ తగిలినప్పుడల్లా నీరు పోగొట్టుకుంటూనే ఉంటుంది. ఫర్గేసియా అనే వెదురు జాతులైతే గట్టి చలికి ఆకును చుట్టలా చుట్టేసుకుంటాయి, నీరు పోకుండా.

నాకు కళ్లు తెరిపించింది ఒక చలికాలం. బరువైన మంచుకు కొన్ని బొంగులు వంగి నేలకు ఆనాయి, వాటిని మంచు కప్పేసింది. కరిగాక చూస్తే వంగినవాటి ఆకులు పచ్చగా ఉన్నాయి, అదే పొదలో నిలబడ్డవి ఎండిపోయాయి. అప్పటి నుంచి లేత బొంగుల్ని కావాలనే వంచి, తాడుతో కట్టి, పైన గోనె కప్పుతున్నాను. ముదురు బొంగు వంచితే విరుగుతుంది, వాటికి గాలి వచ్చే వైపు తెర కడతాను. ప్లాస్టిక్ మాత్రం వద్దు, ఎండ కాసిన పూట లోపల ఉడికిపోతుంది.

ఇంకో మాట. బొంగు మొలిచిన రెండు నెలల్లోనే పూర్తి ఎత్తుకు చేరుతుంది, తర్వాత లావెక్కదు, పొడవెక్కదు. వచ్చే ఏటి పిలక ఎంత లావు అనేది ఈ ఏటి ఆకు దాచిపెట్టిన ఆహారాన్ని బట్టే. ఏటా పైభాగం చస్తుంటే మొదలు బతికినా పొద మోకాలెత్తు దాటదు. చాటు కోసం వేసిన మనిషికి దాన్ని బతకడం అంటామా?

ఒహాయో_అక్క
అవును, ఆ మాట నిజం. చాటు కావాలంటే తెర కట్టాల్సిందే, "దండగ" వెనక్కి తీసుకుంటున్నాను. కానీ వరుస మారకూడదు తమ్ముడూ. ముందు నేల. నవంబరులో నేల గట్టిపడకముందు బాగా తడుపు. ఆగస్టు దాటాక నత్రజని ఎరువు వేయకు, లేత చిగుళ్లు చలికి దొరికిపోతాయి. కుండీల్లో ఉన్నవాటి గురించి నాకు ఎక్కువ భయం. నేలలో చలి పైనుంచే దిగుతుంది, కుండీకి నాలుగు వైపులా తగులుతుంది. వాటిని చలిగా ఉండే గరాజులోకి చేర్చాలి, అప్పుడప్పుడూ కాస్త నీళ్లు పోయాలి.

కనెక్టికట్_వెదురు
గోనె సంగతి కన్నా మొక్క ఎంపిక ముఖ్యమని నా అభిప్రాయం. ఫిలోస్టాకిస్ నూడా అనే వెదురు రకం మైనస్ 29 దాకా తట్టుకుంటుంది. ఫర్గేసియా ఉన్నచోటే గుబురు కడుతుంది, పక్కింట్లోకి పాకదు. ఎల్లో గ్రూవ్ పాకే రకం. మా రాష్ట్రంలో చట్టం ప్రకారం పాకే వెదురును అడ్డుగోడ లేకుండా పక్కవారి హద్దుకు 40 అడుగుల లోపు నాటకూడదు. మీ ఊరి నిబంధన కూడా కనుక్కోండి. మీ పెరట్లో బతకడం ఎంత అవసరమో, వాళ్ల పెరట్లోకి పోకపోవడం అంత అవసరం.

మిషిగన్_పెరడు
ఇప్పుడే వెళ్లి, బతికున్నాయేమోనని బొంగుల్ని గోటితో గీకి చూశాను. పై రెండడుగులు ఎండిపోయాయి. కింది కణుపుల దగ్గర నాలుగు బొంగుల్లో పచ్చగా, తడిగా ఉంది. జూన్ దాకా కత్తి ముట్టను. నగరపాలక కార్యాలయానికి సోమవారం ఫోన్ చేస్తాను. గాలి మాకు పడమటి నుంచి వస్తుంది, కంచె పొడవు కొలిచాను, 18 అడుగులు. మట్టిచేతులు గారూ, తెరకూ మొక్కకూ మధ్య ఎంత ఖాళీ వదులుతారు?