యిర్మీయా 29:11 నా వాగ్దానం, కానీ పదో వచనం దగ్గర ఆగిపోయాను

అందరికీ వందనాలు. మాది గుంటూరు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో నేను తీసిన వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికి బైబిలు వచనం రాసిన కార్డు) యిర్మీయా 29:11. మీకు మేలు చేసే ఆలోచనలే నావి, మంచి భవిష్యత్తు, నిరీక్షణ ఇస్తానని దేవుడు చెప్పే మాట అది. ఫ్రిజ్ తలుపుకి అంటించాను, అంచులు అప్పుడే పసుపు చేతి మరకలతో నిండిపోయాయి.

మార్చిలో మా ఆయనకి మిర్చి కోల్డ్ స్టోరేజీలో గుమస్తా ఉద్యోగం పోయింది. అప్పటి నుంచి రోజూ రాత్రి రెండున్నర, మూడు మధ్య మెలకువ వస్తోంది. గుండె దడ, అరచేతుల్లో చెమట, ఐదింటి దాకా మళ్లీ నిద్ర పట్టదు. ఈసీజీ బాగానే ఉంది, టెన్షన్ అన్నారు డాక్టరు గారు.

ఆరు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. 91వ కీర్తన కంఠతా పట్టాను, కానీ ఆ టైముకి రెండో వచనం దాటదు. చివరికి 29వ అధ్యాయం మొత్తం చదివాను. అక్కడే చిక్కొచ్చింది. అది బబులోనుకి చెరపట్టుకుపోయిన వాళ్లకి రాసిన ఉత్తరం. పదో వచనంలో వాళ్లు తిరిగి రావడానికి గడువు 70 ఏళ్లని ఉంది. అంటే అది విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూసి ఉండరు. ముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్లే అన్నాడు, అది అబద్ధం. నిజం చెప్పాలంటే నాకు హనన్యా మాటే కావాలనిపించింది!

మా పాస్టర్ గారిని అడిగితే "నమ్మండమ్మా, చాలు" అన్నారు. తప్పు కాదు, కానీ మూడింటికి ఆ మాట సరిపోవడం లేదు.

గడువు తెలియని వాగ్దానాన్ని పట్టుకుని నిలబడినవాళ్లు, ఆ రాత్రి గంటల్లో మీరు సరిగ్గా ఏం చేసేవారు?