సమస్య: కైక కన్న మిన్న గలదె తల్లి

విశాఖ పద్యమిత్రులకు ఈ వారం సమస్య ఇది. ఈ పాదం చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఛందస్సు ఆటవెలది. నియమం ఒక్కటే: కథలో జరిగింది మార్చకండి, చూసే కన్ను మార్చండి. 'అని ఎవరో అన్నారు, అది తప్పు' అంటూ తోసేసే పూరణలు ఈసారి వద్దు.

గాజువాక మిత్రుడు (దండకలోని మునుల మాటగా):

వెతలు వడెడు మాకు వెన్ను గాచెడు సామి
యడవి దారి పట్టె నామె వలన;
రక్కసులను గూల్చి రక్షింప సుతు నంపె
కైక కన్న మిన్న గలదె తల్లి!

సీతమ్మధార మాష్టారు: ధార బాగుంది తమ్ముడూ. రాక్షసులు చంపిన మునుల శరీరాలు చూడమని రాముడికి మొరపెట్టుకున్నవాళ్ల నోట చెప్పించడం మంచి ఊహ. కానీ 'రక్షింప సుతు నంపె' అంటే మునుల కోసమే పంపినట్టయింది. కైకకి ఆ ఆలోచనే లేదు కదా. 'రక్షించె సుతుడిట' అనండి. గణాలూ యతీ చెడవు.

గాజువాక మిత్రుడు: నిజమే మాష్టారూ, మార్చేశాను.

భీమిలి సోదరి:

శాప మెరిగి సుతుని చావు తప్పించెను
కానకంపి నింద కట్టుకొనియె
కొడుకు తిట్టినపుడు నోరు విప్పగలేదు
కైక కన్న మిన్న గలదె తల్లి!

మాష్టారు: అమ్మా, మొదటి పాదం దగ్గరే కాసేపు ఆగిపోయాను. మూడో పాదంలో మాత్రం యతి తప్పింది, 'కొ'కి 'నో' చెల్లదు. 'గొంతు విప్పగలేదు' అంటే సరిపోతుంది. మాట గొంతు దాకా వచ్చి ఆగినట్టు కూడా ఉంటుంది.

అక్కయ్యపాలెం సభ్యుడు: కైకని వెనకేసుకురావడం ఈకాలపు ఫ్యాషన్ కాదాండీ?

మాష్టారు: కాదు బాబూ. సంస్కృత నాటకకర్త భాసుడి 'ప్రతిమానాటకం' చదవండి. పుత్రశోకంతో పోతావని దశరథుడికి ముని శాపం ఉంది. కొడుకు ప్రాణం పోయే బదులు కొన్నాళ్లు దూరంగా ఉంటే చాలనుకుంది అందులోని కైక. 14 రోజులు అనబోయి, కంగారులో 14 ఏళ్లు అనేసింది! వనవాసం, దశరథుడి మరణం, భరతుడి కోపం అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, కారణం ఒక్కటే మారింది. ఆ తడబాటు చదివిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టు ఉంటుంది.

భీమిలి సోదరి: 'గొంతు' దిద్దుకున్నానండీ. ఆ తడబాటు నా పద్యంలోకి రాలేదని బెంగగా ఉంది. ఇంకో పూరణకి మొదటి పాదం దొరికింది:

దినము లనగ బోయి తెలియక యేండ్లనె

మిగతా రెండు పాదాలూ రేపు పొద్దున్న బీచ్‌లో నడుస్తూ కడతాను.