మేనల్లుడి పుట్టినరోజుకి పీసీ గేమ్ డబ్బా కావాలి, ఎక్కడైనా దొరుకుతుందా?

హన్మకొండ_మామయ్య అడిగారు:

అందరికీ నమస్కారం. మా అక్క కొడుక్కి ఈ నెలాఖరుకి 13 ఏళ్లు నిండుతాయి. ఏం కావాలిరా అని అడిగితే స్టార్‌డ్యూ వ్యాలీ అన్నాడు. అది వ్యవసాయం ఆటట. కూకట్‌పల్లిలో ఏడో అంతస్తులో పెరిగినవాడికి విత్తనాలేసి నీళ్లు పోయాలని కోరిక. పరకాల దగ్గర నిజంగా పత్తి పండించే మా నాన్న ఇది విని, "ఎరువుల బిల్లు కూడా వస్తదా అందులో?" అని అడిగాడు.

సరే, పోయిన శనివారం పనిమీద సికింద్రాబాద్ వెళ్లినప్పుడు పార్క్‌లేన్‌లో దిగి సీటీసీలోకి వెళ్లాను. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి నేను చివరిసారి వెళ్లింది 2009లో. డిగ్రీలో ఉండగా ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బుతో ఈఏ క్రికెట్ 07 ఒరిజినల్ అక్కడే కొన్నాను. హాస్టల్లో అందరి దగ్గరా అదే గేమ్ ఉండేది, కానీ అన్నీ కాపీ సీడీలే, పైన మార్కర్‌తో రాసినవి. నా ఒక్కడిదే డబ్బా. పక్క రూముల వాళ్లు వచ్చి పట్టుకుని, తిప్పి చూసి, మళ్లీ జాగ్రత్తగా పెట్టి వెళ్లేవాళ్లు.

ఈసారి నాలుగు షాపులు తిరిగాను. గ్రాఫిక్స్ కార్డులు, లైట్లు వెలిగే కీబోర్డులు, విమానం సీటంత కుర్చీలు ఉన్నాయి. టీవీకి పెట్టి ఆడే పీఎస్5 గేమ్ డిస్కులు కూడా ఒక అరలో కనిపించాయి. పీసీ గేమ్ ఉందా అంటే ఒక కుర్రాడు "డిస్కా అంకుల్?" అని పక్కవాడి మొహం చూశాడు. అంకుల్ అన్నందుకు కాదు గానీ, ఆ చూపుకి బాధేసింది. ఇంకో షాపాయన మాత్రం "డబ్బా ఎందుకు సార్, గేమ్ తెరిచే కోడు వాట్సాప్‌లో పంపిస్తా, ఆన్‌లైన్ రేటులో సగం ఇవ్వండి" అన్నాడు. బిల్లు అడిగితే బిల్లు ఉండదన్నాడు. ఆలోచించి చెప్తానని బయటపడ్డాను.

ఆ కోడు కొనొచ్చా? డబ్బాలో వచ్చే పీసీ గేమ్ ఇంకా ఎక్కడైనా దొరుకుతుందా? అన్నిటికంటే పెద్ద సందేహం ఇంకొకటి ఉంది. పుట్టినరోజున పిల్లాడి చేతిలో పెట్టడానికి ఏమీ లేకుండా, "నీ ఖాతాలో పడింది చూస్కో" అంటే అది బహుమతి ఎలా అవుతుంది? అది జీతం కదా!

రాత్రిడౌన్‌లోడ్:

అన్నా, ఆ కోడు జోలికి పోవద్దు. బిల్లు లేకుండా సగం ధరకి వచ్చే కోడు ఎక్కడిదో అమ్మేవాడికే తెలియదు. దొంగిలించిన కార్డుతో కొన్నదైతే, ఆ కార్డు అసలు మనిషి ఫిర్యాదు చేశాక గేమ్‌ని ఖాతాలోంచి తీసేస్తారు. కొందరు కోడు కూడా ఇవ్వరు, లాగిన్ పేరూ పాస్‌వర్డూ ఇస్తారు. అదే ఖాతాని ఇంకో ఇరవై మందికి అమ్మి ఉంటారు.

నేరుగా స్టీమ్‌లో కొనండి, అది పీసీ గేములు డౌన్‌లోడ్‌కి అమ్మే ఆన్‌లైన్ దుకాణం. యూపీఐతో కట్టొచ్చు. ఖాతా పెట్టుకోవడానికి 13 ఏళ్లు నిండాలన్నది వాళ్ల నిబంధన, మీవాడికి ముహూర్తం సరిగ్గా కుదిరింది. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకపోతే డబ్బు వాపసు కూడా అడగొచ్చు. సీలు తీసిన డబ్బాని ఏ షాపువాడు వెనక్కి తీసుకున్నాడు చెప్పండి?

డిస్కుల మీద నాకు అంత ప్రేమ లేదు. కానీ 2015లో జీటీఏ 5 పీసీకి వచ్చినప్పుడు మాత్రం డబ్బా కోసం అల్లాడిపోయాను. దాదాపు 60 జీబీ గేమ్. మా ఇంట్లో 2 ఎంబీపీఎస్ కనెక్షన్, రాత్రి 2 నుంచి పొద్దున 8 దాకా వాడింది మాత్రమే డేటా లెక్కలోకి రాదు. అంటే రాత్రికి 6 గంటల చొప్పున, మధ్యలో ఒక్కసారి కూడా నెట్ పోకపోతే, 11 రాత్రులు. మధ్యలో పోకపోవడమా, మా ఊళ్లోనా! నా పేరు అలా వచ్చిందే.

ఏలూరురోడ్డు_పాతషాపు:

మామయ్య గారూ, మీ పోస్టు చదివి రెండు రోజులు ఆగి రాస్తున్నాను. 2006 నుంచి 2016 దాకా విజయవాడలో ఏలూరు రోడ్డు పక్క సందులో గేమ్స్ షాపు నడిపినవాణ్ణి. ఇప్పుడు అదే షట్టర్ వెనక మొబైల్ కవర్లు అమ్ముతున్నారు, నేను కాదు.

నెట్ వచ్చి షాపుల్ని చంపేసిందని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. నెట్ చివర్లో వచ్చి తలుపేసింది, అంతే. అసలు దెబ్బ డబ్బాలోపలే ఉంది. మాన్యువల్ వెనక అతికించిన చిన్న కాగితం ముక్క, దాని మీద కోడు.

ఎలాగో చెప్తాను. మొదట్లో మా షాపులో గల్లాకి ఎడమ పక్కన ఒక పాత అర ఉండేది. ఒక కుర్రాడు 700 పెట్టి గేమ్ కొంటాడు, నెలలో పూర్తి చేస్తాడు, తెచ్చి ఇస్తే నేను 300 ఇస్తాను. దాన్ని ఇంకొకడికి 400కి అమ్ముతాను. మొదటివాడు ఆ 300కి ఇంకో 400 కలిపి కొత్తది కొంటాడు. కొత్త డబ్బా మీద నాకు మిగిలేది టీ ఖర్చులకి కూడా చాలేది కాదు. పాత అరే షాపు అద్దె కట్టింది. పైగా ఇచ్చిపుచ్చుకోవడానికి పిల్లలు వారం వారం వచ్చేవాళ్లు, వచ్చినవాడు ఊరికే పోడు కదా, మౌసో జాయ్‌స్టిక్కో కొనేవాడు.

2004లో హాఫ్-లైఫ్ 2 డిస్కు కొన్నా స్టీమ్ ఖాతా తెరిచి తీరాలన్నారు. అప్పుడు దాన్ని ఒక్క గేమ్ పిచ్చి అనుకున్నాం. నేను షాపు పెట్టిన నాలుగైదేళ్లకి పెద్ద గేములన్నీ ఆ దారే పట్టాయి. కోడు ఒకసారి ఒక ఖాతాలో కొడితే ఆ డబ్బా ఇంకెవరికీ పనికిరాదు. డిస్కు మెరుస్తూనే ఉంటుంది, లోపల ప్రాణం ఉండదు. తెలియక కొన్ని నేను వెనక్కి తీసుకుని మోసపోయాను కూడా. పాత అర ఏడాదిలో ఖాళీ అయింది. మీరు సీటీసీలో పీఎస్5 డిస్కులు చూశారు కదా, అవి ఇంకా అమ్ముడవుతున్నాయంటే కారణం ఇదే. ఆ డిస్కుని ఆడేసి ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పీసీ డిస్కుకి ఆ హక్కు ఎప్పుడో పోయింది.

మెట్ల కింద కాపీ డీవీడీలు అమ్మేవాడు ఉండేవాడు, 100కి ఒకటి. వాడితో నాకు పోటీ అనిపించలేదు. నిజం చెప్పాలంటే వాడి దగ్గర రుచి మరిగి, తర్వాత ఆన్‌లైన్‌లో స్నేహితులతో ఆడాలని నా దగ్గరికి వచ్చినవాళ్లు చాలామంది.

ఇంకో తమాషా ఉంది. స్టీమ్‌లో ధరలు డాలర్లలో ఉన్నన్నాళ్లు పిల్లల దగ్గర అంతర్జాతీయ కార్డు ఉండేది కాదు. నాకు క్రెడిట్ కార్డు ఉందని తెలిసి, నా షాపుకే వచ్చి నా పోటీదారు దగ్గర నా చేత కొనిపించుకునేవాళ్లు. గేముకి 50 రూపాయలు తీసుకునేవాణ్ణి. నా గొయ్యి తవ్వడానికి కూలి కూడా నాకే దక్కింది. 2015 నవంబరులో స్టీమ్ రూపాయల్లోకి మారింది, ఆ 50 కూడా పోయింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో జియో.

జీటీఏ 5 సంగతి రాత్రిడౌన్‌లోడ్ తమ్ముడు రాశాడు. ఆ డబ్బాలో 7 డీవీడీలు. మా షాపు చూసిన ఆఖరి పండగ అదే. ముందే డబ్బు కట్టినవాళ్లు పొద్దున్నే మెట్ల మీద కూర్చున్నారు. మూడో రోజున ఒకబ్బాయి ఏడుపు మొహంతో వచ్చాడు, ఐదో డిస్కు చదవట్లేదని. మారుద్దామంటే కోడు అప్పటికే కొట్టేశాడు. నా సొంత డబ్బా విప్పి ఆ ఒక్క డిస్కు తీసి ఇచ్చాను. 6 డిస్కులున్న ఆ డబ్బా ఇంకా మా ఇంట్లో అటక మీద ఉంది.

అదే ఏడాది మెటల్ గేర్ సాలిడ్ 5 పీసీ డబ్బా వచ్చింది. అందులో డిస్కు ఉంది. డిస్కులో గేమ్ లేదు, స్టీమ్ ఇన్‌స్టాలర్ మాత్రమే ఉంది. షాపు మూసేయాలా వద్దా అని అప్పటిదాకా మా ఆవిడతో రోజూ వాదించేవాణ్ణి. ఆ వార్త చదివాక వాదించలేదు.

కాబట్టి మీకు డబ్బా దొరికినా, అందులో కాగితం మీద కోడే ఉండొచ్చు. డబ్బు ఖర్చు పెట్టి కాగితం కొనకండి.

గీతపడ్డడిస్కు:

షాపు గారి మాటకి దండం. అయితే డిస్కు ఉంటే శాశ్వతం అనుకునేవాళ్ల కోసం ఒక మాట.

నా దగ్గర 40కి పైగా పాత ఒరిజినల్స్ ఉన్నాయి. సగానికి సగం కొత్త ల్యాప్‌టాప్‌లో నడవవు. కాపీ కాకుండా ఆ డిస్కులకి వేసిన తాళం సేఫ్‌డిస్క్. విండోస్ 10 వచ్చినప్పుడు భద్రత కారణంగా మైక్రోసాఫ్ట్ దాన్ని పనిచేయనివ్వడం మానేసింది. అదే 2015లో విండోస్ 7, 8 లకి కూడా అప్‌డేట్ పంపి ఆపేసింది. అంటే డబ్బు పెట్టి కొన్నవాడి డిస్కు ఆగిపోయింది, తాళం తీసేసిన కాపీని మెట్ల కింద 100కి కొన్నవాడిది మాత్రం నడుస్తోంది. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

అలాగని డౌన్‌లోడ్‌ని నమ్మగలమా? జీటీఏ 4 లో రేడియో పాటల లైసెన్సు గడువు తీరిందని 2018లో చాలా పాటలు తీసేశారు, ముందే కొన్నవాళ్లకి కూడా. నేను ఆ గేములో కారు నడిపిందే అందులోని వ్లాదివోస్తోక్ ఎఫ్ఎమ్ రేడియో కోసం. ఎప్పుడూ నెట్ ఉంటేనే నడిచే కార్ల గేమ్ ది క్రూకి అయితే 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, దాంతో డిస్కున్నవాడూ డౌన్‌లోడ్ చేసినవాడూ ఒకే రోజు రోడ్డున పడ్డారు.

మామయ్య గారూ, మీకు పనికొచ్చే దారి ఒకటుంది. పోలాండ్ వాళ్ల జీఓజీ అని ఒక దుకాణం ఉంది, 2008 నుంచి నడుస్తోంది. అక్కడ కొంటే తాళం ఉండదు, ఇన్‌స్టాలర్ ఫైలే మీ చేతికి ఇస్తారు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని నెట్ లేని కంప్యూటర్‌లో కూడా ఎక్కించొచ్చు. స్టార్‌డ్యూ వ్యాలీ అక్కడ ఉంది. పెద్ద గేమ్ కూడా కాదు, మీ ఫోన్ నెట్‌తో దిగిపోతుంది.

హన్మకొండ_మామయ్య:

అందరికీ ధన్యవాదాలు. ఏం చేశానో చెప్పాలి కదా.

జీఓజీలో కొని ఇన్‌స్టాలర్ దించి ఎర్రటి పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఇంట్లో పాత ట్రంకు వెతికితే నా క్రికెట్ 07 డబ్బా దొరికింది. డిస్కు తీసి పక్కన పెట్టి, ఆ గుండ్రటి చోట పెన్‌డ్రైవ్‌ని టేపుతో అతికించాను. కవరు ముందు వైపు కప్పేలా, మా నాన్న పొలంలో నిలబడ్డ ఫొటో ఒకటి కలర్ ప్రింటు తీయించి పెట్టాను. వెనక వైపు నా చేతిరాతతో "కనీస అర్హతలు: ఓపిక, వాన, బ్యాంకు లోను" అని రాశాను.

వాడు విప్పి నవ్వాడు. వెంటనే ఎక్కించుకున్నాడు. మా నాన్న పక్కన కుర్చీ వేసుకుని గంటసేపు చూశాడు. పంటకి ధర ముందే తెలిసిపోతోంది, దళారీ లేడు, ఇదేం వ్యవసాయమని లేచి వెళ్లాడు. మళ్లీ అరగంటకి వచ్చి, చెరువులో చేపలు పట్టే చోట ఆగిపోయాడు.

షాపు గారూ, మీ 6 డిస్కుల డబ్బా అమ్మకండి.

ఒక ఇబ్బంది వచ్చిపడింది. రాత్రి భోజనాలయ్యాక వాడు ఆ డబ్బాని వెలుతురులో తిప్పి చూసి, వెన్ను మీద పేరు చదివి, "మామయ్యా, ఇందులో ఉండాల్సిన క్రికెట్ డిస్కు ఏది?" అని అడిగాడు. చూపించాను. ఆడదామన్నాడు. వాడి ల్యాప్‌టాప్‌కీ నా ల్యాప్‌టాప్‌కీ డిస్కు పెట్టే చోటు లేదు. ఆ గేమ్ స్టీమ్‌లో కూడా లేదు. ఈ శనివారం యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ కోసం మళ్లీ సీటీసీకి వెళ్తున్నాను, ఈసారి వాణ్ణి కూడా తీసుకుని. ఏ కంపెనీది మంచిదో ఎవరైనా శుక్రవారంలోగా చెప్పండి.