ఒక్క సెమిస్టర్ కోసం డ్రెస్డెన్ వెళ్తున్నాను, చదువు కాక ఇంకేం చేయాలి?

కరీంనగర్ అమ్మాయి:
అందరికీ నమస్తే. నేను బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో సంవత్సరం. ఎక్స్ఛేంజ్ కింద ఈ అక్టోబర్ నుంచి వింటర్ సెమిస్టర్‌కి జర్మనీలోని డ్రెస్డెన్ టెక్నికల్ యూనివర్సిటీకి వెళ్తున్నాను. వీసా వచ్చింది, హాస్టల్ గది దొరికింది. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకు 992 యూరోలు వస్తాయి, డబ్బు గురించి మరీ టెన్షన్ లేదు. నా భయం వేరే. మా సీనియర్ ఒకరు ఇలాగే బయటి దేశం వెళ్లొచ్చారు. క్లాసు, గది, వంట, ఇంటికి వీడియో కాల్, ఆరు నెలలూ అంతే గడిచిందట. అక్కడ మీ ఫ్రెండ్స్ ఎవరని అడిగితే ఒక్క పేరూ చెప్పలేకపోయారు. నాకు అలా కాకూడదు. కానీ నేను కొత్తవాళ్లతో తొందరగా కలిసే మనిషిని కాదు, జర్మన్ కూడా ఏ1, అంటే మొదటి మెట్టు వరకే వచ్చు. అక్కడ ఉండి వచ్చినవాళ్లు మీకు జరిగింది జరిగినట్టు చెప్పండి, ప్లీజ్.

ఎల్బే ఒడ్డు:
చెల్లీ, నేను 2022 అక్టోబర్ నుంచి 2023 ఫిబ్రవరి దాకా అక్కడే చదివాను. నువ్వు చెప్పిన సీనియర్ కథే మొదటి ఆరు వారాలు నాదీ.

మొదట్లో వెల్‌కమ్ ఈవెంట్లు ఒక్కటీ వదల్లేదు. ప్రతి చోటా అవే రెండు ప్రశ్నలు: ఏ దేశం, ఏ సబ్జెక్ట్. మర్నాడు కనబడితే ఎవరికీ ఎవరూ గుర్తుండరు. నవంబర్ చివరికి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. గదిలో లైటు వేసుకుని కూర్చుంటే, ఇంకా రాత్రి భోజనం వేళ కూడా కాలేదే అని ఏడుపొచ్చేది.

దాన్ని మార్చింది మా హాస్టల్ దగ్గరి స్టూడెంట్ క్లబ్. డ్రెస్డెన్‌లో చాలా హాస్టళ్ల దగ్గర ఇలాంటివి ఉంటాయి, విద్యార్థులే జీతం లేకుండా నడుపుతారు. మంగళవారాలు బోర్డ్ గేమ్స్ రాత్రి. మా ఫ్లోర్ అమ్మాయి లాక్కెళ్లింది. ఆటలో మాటలన్నీ జర్మన్‌లో, నాకేమీ అర్థం కాలేదు. ఊరికే కూర్చోలేక కౌంటర్ దగ్గరికెళ్లి, ఏమైనా సాయం చేయనా అని అడిగాను. ఖాళీ సీసాలు తీసుకునే పని ఇచ్చారు. బీరు సీసా తెచ్చి ఇస్తే 8 సెంట్ల డిపాజిట్ వెనక్కివ్వాలి. జర్మన్‌లో ఇరవై ఐదుని 'ఐదూ ఇరవై' అంటారు, ముందు ఒకట్లు, తర్వాత పదులు. మొదటి రోజు ప్రతి అంకెనీ కాగితం మీద రాసి చూపించాను. మూడో వారానికి కాగితం అవసరం లేకుండా పోయింది. నేను తాగను, ఆ విషయం అక్కడ ఎవరూ పట్టించుకోలేదు.

అతిథిగా వెళ్తే మర్యాదగా నవ్వి వదిలేస్తారు. అదే పని అందుకున్నావంటే, వచ్చే వారం నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు. నీలా నెమ్మదిగా కలిసేవాళ్లకి ఇదే సులువు. చేతిలో పనుంటే మాటలు వెతుక్కోనక్కర్లేదు.

వంట కూడా గదిలో కాదు, ఫ్లోర్ కిచెన్‌లో జనం ఉండే వేళకి చెయ్యి. ఒక ఆదివారం నన్ను క్లబ్‌కి లాక్కెళ్లిన ఆ అమ్మాయే క్వార్క్‌కోయిల్‌షెన్ చేసింది, డ్రెస్డెన్ ఉన్న సాక్సనీ రాష్ట్రం వాళ్ల వంటకం. ఉడికించి చిదిమిన బంగాళదుంప, క్వార్క్ అనే గట్టి పెరుగులాంటిది, పిండి, గుడ్డు, ఎండుద్రాక్ష కలిపి బిళ్లలు తట్టి పెనం మీద ఎర్రగా కాలుస్తారు. నన్నూ తట్టమంది. చెయ్యి అలవాటు కొద్దీ గారెకి పెట్టినట్టు మధ్యలో చిల్లు పెట్టేసింది. ఎందుకలా అంది. లోపల కూడా బాగా కాలుతుందని చెప్పాను. చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లుకుని తిన్నాక, మిగతా పిండంతా తనే చిల్లులు పెట్టి కాల్చింది. ఇప్పటికీ చేసినప్పుడల్లా నాకు ఫొటో పంపుతుంది.

ఇక చదువు. మొదటి పీరియడ్ ఉదయం 7:30కి, ఒక్కోటి గంటన్నర. లెక్చర్ అయ్యాక అందరూ బల్లల మీద వేళ్లతో తడతారు, అది చప్పట్లకి బదులు, కంగారు పడకు. మూడో పీరియడ్ 12:40కి అయిపోగానే మెన్సా, అంటే యూనివర్సిటీ క్యాంటీన్, కిటకిటలాడుతుంది. ల్యాబ్ పార్ట్‌నర్‌ని 'మెన్సా?' అని ఆ ఒక్క మాట అడుగు, చాలు. ఎస్‌ఎల్‌యూబీ అనే యూనివర్సిటీ లైబ్రరీలో పెద్ద రీడింగ్ రూమ్ నేల లోపల ఉంటుంది, పైన గాజు కప్పు. మాయా నాగరికత వాళ్ల పుస్తకం, డ్రెస్డెన్ కోడెక్స్, ఆ భవనంలోనే ఉంది. చూడకుండా రాకు.

ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు: పరీక్షలకి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. క్లాసులకి వెళ్లినంత మాత్రాన సరిపోదు. గడువు తేదీ ఎప్పుడో నువ్వు అక్కడ దిగిన వారమే కనుక్కో.

ఆఖెన్ అన్న:
అమ్మా, నేనుండింది వేరే ఊళ్లో. అక్క చెప్పిన క్లబ్ లాగే నాకు యూనివర్సిటీ స్పోర్ట్స్ పనికొచ్చింది. వాలీబాల్‌లో భాష పెద్దగా అక్కర్లేదు. కానీ ఆన్‌లైన్‌లో రిజిస్ట్రేషన్ తెరిచిన కాసేపట్లోనే మంచి కోర్సులు నిండిపోతాయి, అలారం పెట్టుకో. టాండెమ్ కూడా ట్రై చెయ్యి: వాళ్లు నీకు గంట జర్మన్, నువ్వు వాళ్లకి గంట ఇంగ్లిష్ నేర్పడం.

ఇంకో మాట. ప్రతి వీకెండ్ ఒక దేశం అని తిరిగేవాళ్లని చూశాను. ఫొటోలు బోలెడు మిగిలాయి గానీ క్యాంపస్‌లో వాళ్లని ఎరిగినవాళ్లు లేరు. దగ్గర్లోనే తిరుగు, క్లాస్‌మేట్స్‌తో తిరుగు.

ఎల్బే ఒడ్డు:
అవును అన్నా. చెల్లీ, మీకు దగ్గర్లో బాస్టై అనే రాతి కొండలున్నాయి. ఎస్1 రైలెక్కి కూరోర్ట్ రాటెన్‌లో దిగి, పడవలో నది దాటి ఎక్కడమే. ఎల్బే నదికి 194 మీటర్ల ఎత్తున రాళ్లు, వాటి మధ్య వంతెన. మంచు పడకముందే, అక్టోబర్‌లోనే వెళ్లండి.

ఒక అమ్మ:
మా అబ్బాయి అక్కడే చదువుతున్నాడు కనుక చెబుతున్నా. ఇంటికి ఫోన్ చేసే వేళ ముందే అనుకోండి. అక్టోబర్ చివరి ఆదివారం వాళ్ల గడియారాలు మారతాయి, తేడా మూడున్నర గంటల నుంచి నాలుగున్నర అవుతుంది. వాడు మధ్యాహ్నం రెండింటికి చేస్తే మాకు సాయంత్రం ఆరున్నర. మొదట్లో వాడికి సాయంత్రం అయ్యాకే చేయమనేదాన్ని, రోజూ గంట మాట్లాడేవాళ్లం. వాడు అందరితో బయటికెళ్లే వేళని నేనే లాక్కుంటున్నానని తర్వాత తెలిసింది. మీ అమ్మగారికి ఈ మాట చూపించు తల్లీ, ఏమీ అనుకోరు.

కరీంనగర్ అమ్మాయి:
ఆంటీ, చూపించాను. మధ్యాహ్నం రెండుకే ఒప్పుకుంది. థాంక్స్ అన్నా. అక్కా, క్లబ్‌లో పని అడగాలంటే ఎవరిని కలవాలి? ఫారమ్ ఏమైనా నింపాలా?

ఎల్బే ఒడ్డు:
నేనేమీ నింపలేదు. ఆ రాత్రి కౌంటర్ వెనక ఎవరుంటే వాళ్లనే అడిగాను. 'కాన్ ఇష్ హెల్ఫెన్?', అంటే 'సాయం చేయనా?' నీ ఏ1లో ఆ మాట ఉంది.