రెసిడ్యూ కాంటాక్ట్‌కి కటాఫ్ ఎంత: 8 ఆంగ్‌స్ట్రామ్‌లా, 4.5 ఆ?

హనుమకొండ_ఎమ్మెస్సీ

నిన్న నా ప్రాజెక్ట్ రివ్యూ జరిగింది. సికిల్ సెల్ హిమోగ్లోబిన్ నిర్మాణం (ప్రొటీన్ నిర్మాణాలు దాచే పీడీబీ డేటాబేస్‌లో 2హెచ్‌బీఎస్) తీసుకుని ఏ అమైనో ఆమ్లం దేనికి ఆనుకుని ఉందో లెక్క తీశాను. రెండు రెసిడ్యూల్లో (గొలుసులోని ఒక్కో అమైనో ఆమ్లం ఒక రెసిడ్యూ) హైడ్రోజన్ కాని ఏ రెండు పరమాణువులైనా 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపు (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యి కోట్ల వంతు) ఉంటే కాంటాక్ట్ అని పెట్టుకున్నాను. రివ్యూకి వచ్చిన సార్ మొదటి స్లైడ్‌లోనే ఆపేశారు. "అందరూ సీ-ఆల్ఫా నుంచి సీ-ఆల్ఫాకి 8 పెడతారు, నువ్వెందుకు మార్చావు?" అన్నారు. (సీ-ఆల్ఫా అంటే ప్రతి రెసిడ్యూకీ మెయిన్ చెయిన్‌లో ఉండే కార్బన్, సైడ్ చెయిన్ దాని నుంచే బయల్దేరుతుంది.) టెన్షన్‌లో నోట మాట రాలేదు.

రాత్రి కూర్చుని 8తో మళ్లీ నడిపాను. జాబితా మొత్తం మారిపోయింది. హీలిక్స్‌లో (గొలుసు స్ప్రింగ్‌లా చుట్టుకున్న చోట) ఉన్న ప్రతి రెసిడ్యూకీ ముందు నాలుగు, వెనక నాలుగు కాంటాక్ట్‌లు వచ్చి పడ్డాయి. అక్కడ ఏ అమైనో ఆమ్లం ఉన్నా అంతే. మరోపక్క కొన్ని సాల్ట్ బ్రిడ్జ్‌లు (ఎదురెదురు చార్జ్‌లున్న సైడ్ చెయిన్‌ల మధ్య పట్టు) మాయమయ్యాయి. ఆర్జినైన్ సైడ్ చెయిన్ పొడవు, గ్లుటామిక్ ఆమ్లానిదీ చిన్నదేం కాదు. రెండూ చేతులు చాపి కొసలు కలుపుకుంటే ఆ కొసల మధ్య దూరం 3 ఆంగ్‌స్ట్రామ్‌లే ఉండొచ్చు, కానీ వాటి సీ-ఆల్ఫాల మధ్య 10 దాటొచ్చు. నిజంగా పట్టుకున్న చేతుల్ని వదిలేసి, పక్కపక్కన నిలబడ్డందుకే చుట్టాలని రాయడం నాకు తప్పనిపిస్తోంది. మీరేమంటారు?

కాజీపేట_కోడర్

చెల్లె, సాల్ట్ బ్రిడ్జ్ మాట ఒప్పుకుంటాను. హీలిక్స్ మాట మాత్రం కాదు. నీ 4.5 పద్ధతిలో కూడా ఆ పొరుగువాళ్లు వస్తారు. హీలిక్స్ నిలబడేదే ఒక రెసిడ్యూ ఆక్సిజన్‌కీ, నాలుగు స్థానాల తర్వాతి నైట్రోజన్‌కీ మధ్య ఉన్న హైడ్రోజన్ బంధం మీద. ఆ దూరం సుమారు 2.9. వాటిని తీసేయాలంటే కటాఫ్ మారిస్తే సరిపోదు, వరుసలో కనీసం ఇన్ని స్థానాల ఎడం ఉండాలని షరతు పెట్టాలి. కాస్ప్ పోటీల్లో (ప్రొటీన్ ఆకారాన్ని లెక్కతో ఊహించే పోటీలు) కాంటాక్ట్ అంటే సీ-బీటాల (సైడ్ చెయిన్‌లో మొదటి కార్బన్‌ల) మధ్య 8 లోపు, గ్లైసిన్‌కి సీ-బీటా లేదు కాబట్టి సీ-ఆల్ఫా. దూరపు కాంటాక్ట్ అనాలంటే వరుసలో 24 లేదా అంతకన్నా ఎక్కువ ఎడం ఉండాలి. అంత ఆలోచించి పెట్టిన నియమం అది. "అందరూ పెడతారు" అని తేలిగ్గా తీసేయకు.

8ని నేను సమర్థించడానికి అసలు కారణం వేరే ఉంది. నేను చూసే క్రయో-ఈఎం (గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో తీసే) నిర్మాణాల్లో కొన్ని 3.5 ఆంగ్‌స్ట్రామ్‌ల రిజల్యూషన్‌వి (ఈ అంకె పెరిగేకొద్దీ బొమ్మ మసక). అక్కడ మెయిన్ చెయిన్ దారి తెలుస్తుంది కానీ చాలాచోట్ల సైడ్ చెయిన్ కొస ఎటు తిరిగిందో మ్యాప్‌లో కనిపించదు. మోడల్ కట్టినవాళ్లు అంచనా మీద పెడతారు. ఆ అంచనా మీద 4.5 గీత గీస్తే మనం కొలిచేది ప్రొటీన్‌ని కాదు, మోడల్ కట్టినవాళ్ల చేతిని. వేల నిర్మాణాలు పోల్చేటప్పుడు సీ-బీటా 8 ఒక్కటే నిలకడగా ఉంటుంది.

కరీంనగర్_ఫార్మసీ

మధ్యలో 6 పెట్టేస్తే గొడవ ఉండదు కదా?

కాజీపేట_కోడర్

బేరం కాదు అన్నా ఇది. ఏ రెండు బిందువుల మధ్య కొలుస్తున్నామో చెప్పకపోతే అంకెకి అర్థమే లేదు. 1985లో మియజావా, జెర్నిగన్ 6.5 వాడారు, అది సైడ్ చెయిన్ కేంద్రాల మధ్య దూరం. అదే 6.5ని సీ-ఆల్ఫాలకి పెడితే ఇంకో జాబితా వస్తుంది.

రిటైర్డ్_లెక్చరర్_వరంగల్

అమ్మా, ఈ గొడవ మన దేశంలో 60 ఏళ్ల కిందే వచ్చింది. 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ గీసిన పటం, ప్రొటీన్ గొలుసు ఏ మలుపులు తిరగగలదో చూపేది, మీరంతా చదువుకున్నదే. ఆ పటం పుట్టింది పరమాణువులు ఒకదానికొకటి ఎంత దగ్గరికి రావచ్చనే పట్టిక నుంచి. ఆ పట్టికలో ప్రతి జంటకీ రెండు అంకెలు ఉంటాయి. కార్బన్–కార్బన్‌కి మామూలు హద్దు 3.2, ఆఖరి హద్దు 3.0. ఆక్సిజన్–ఆక్సిజన్‌కి 2.7, 2.6. హైడ్రోజన్–హైడ్రోజన్‌కి 2.0, 1.9. పటంలో లోపలి గీత, బయటి గీత అని రెండు కనిపించేది అందుకే. క్లాసులో ఏటా చెప్పేవాడిని, పిల్లలు పటం గుర్తుపెట్టుకుని పట్టిక మరిచిపోయేవాళ్లు.

రామచంద్రన్ హద్దు "ఇంతకంటే దగ్గరికి రాలేవు" అని చెప్పేది. మీది "ఇంతకంటే దూరమైతే తగిలినట్టు కాదు" అని చెప్పేది. దీనికీ కారణం చెప్పొచ్చు. రెండు కార్బన్‌లు ఆనుకుంటే వాటి కేంద్రాల మధ్య సుమారు 3.4 ఉంటుంది. వాటి నడుమ నీటి అణువు దూరాలంటే ఇంకో 2.8 కావాలి, అంటే మొత్తం 6.2. 4.5 దగ్గర నడుమ నీరు పట్టే చోటు లేదు. కాబట్టి నీ 4.5 ఎక్కడి నుంచో ఊడిపడ్డ అంకె కాదు. రివ్యూలో ఈ మాట చెప్పి ఉంటే సరిపోయేది.

ములుగు_ల్యాబ్

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2023లో జాతీయ సికిల్ సెల్ మిషన్ మొదలయ్యాక ఏజెన్సీ ఊళ్లలో స్క్రీనింగ్‌కి తిరుగుతున్నాను. మీ ఆంగ్‌స్ట్రామ్‌లు నాకు పూర్తిగా అర్థం కాలేదు కానీ ఒకటి అడగాలి. మేం చేసే సాల్యుబిలిటీ టెస్ట్‌లో డైథయొనైట్ కలిపిన ద్రావణంలో కొంచెం రక్తం వేసి ఐదు నిమిషాలు ఆగుతాం. ట్యూబ్ వెనక నల్ల గీతలున్న కార్డు పెడతాం. మామూలు రక్తమైతే ఎర్రటి ద్రవంలోంచి గీతలు కనిపిస్తాయి. సికిల్ ఉంటే మజ్జిగలా చిక్కబడి గీతలు కనిపించకుండా పోతాయి. ఆ మసక మీరు చెప్పే కాంటాక్టేనా? ఇంకోటి, ఆరు నెలల లోపు పిల్లల్లో ఈ టెస్ట్‌ని నమ్మొద్దన్నారు. ఎందుకు?

కాజీపేట_కోడర్

అక్కా, అదే. డైథయొనైట్ ఆక్సిజన్‌ని లాగేస్తుంది. బీటా గొలుసులో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం పోయి వేలిన్ వచ్చింది కదా, ఆక్సిజన్ లేనప్పుడు ఆ వేలిన్ పక్క హిమోగ్లోబిన్ బీటా గొలుసులో ఉన్న గుంటలోకి దూరుతుంది. ఆ గుంట 85 ఫినైల్ అలనైన్, 88 ల్యూసిన్‌లది. అలా ఒకదానికొకటి తగులుకుంటూ 14 పోగుల తాడు తయారవుతుంది. ట్యూబ్‌లో మీకు కనిపించే మసక ఆ తాళ్లదే.

పసిపిల్లల్లో ఇంకా ఫీటల్ హిమోగ్లోబిన్ (గర్భంలో ఉన్నప్పటిది) ఎక్కువ. దానిలో బీటాకి బదులు ఉండే గామా గొలుసులో 87వ స్థానంలో గ్లుటమిన్ ఉంటుంది, పెద్దల బీటా గొలుసులో అక్కడ థ్రియోనైన్. ఆ గుంట అంచున ఈ ఒక్క మార్పు వస్తే తాడు సరిగ్గా అల్లుకోదు. బీటా గొలుసులో అదే 87ని గ్లుటమిన్‌గా మార్చిన జన్యువుతో చేసే చికిత్సకి 2023 డిసెంబర్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. సికిల్ సెల్‌కి వాడే మందు హైడ్రాక్సీయూరియా పని చేసే దారుల్లో ముఖ్యమైనదీ ఫీటల్ హిమోగ్లోబిన్‌ని పెంచడమే.

చెల్లె, ఇది రాస్తుంటే నాకో అనుమానం వచ్చింది. నీ జాబితాలో 6కి ఎదురుగా 85, 88 వచ్చాయా? నువ్వు ఏ చెయిన్‌లు తీసుకున్నావు?

హనుమకొండ_ఎమ్మెస్సీ

అన్నా, దొరికిపోయాను. కోడ్‌లో ఒక్క బీటా చెయిన్ మీదే లూప్ తిప్పాను. 6కి ఎదురుగా దాని పొరుగువాళ్లే ఉన్నారు. 85, 88 ఉండేది ఇంకో హిమోగ్లోబిన్‌లో! ఈ ఫైల్‌లో రెండు హిమోగ్లోబిన్‌లు ఉన్నాయి, మొత్తం ఎనిమిది చెయిన్‌లు. నాలుగున్నరా ఎనిమిదా అని రాత్రంతా కొట్టుకున్నాను కానీ, నా లెక్కలో అసలు జంటే లేదు.

ఇప్పుడే ఎనిమిదింటినీ కలిపి 4.5తో నడిపాను. వేలిన్ 6కి ఎదురుగా 85, 88 వచ్చాయి. అది కూడా ఒక్క వైపే. ఒక హిమోగ్లోబిన్‌లో రెండు బీటా గొలుసులున్నా, ఈ పక్క కాంటాక్ట్‌లో పాల్గొనేది రెండింటిలో ఒక వేలినేనని పుస్తకంలో చదివాను, కళ్లారా చూడటం ఇదే మొదటిసారి. నిర్మాణం రిజల్యూషన్ 2.05, కాబట్టి మీరు చెప్పిన సైడ్ చెయిన్ భయం ఇక్కడ తక్కువ.

కాజీపేట_కోడర్

అయితే దీనికి 4.5 ఉంచుకో, అభ్యంతరం లేదు. మిగతా హిమోగ్లోబిన్‌లతో పోల్చే అధ్యాయంలో మాత్రం సీ-బీటా 8 పెట్టు. అక్కడ నేను తగ్గను. ఇంకొకటి, జన్యు పరీక్ష రిపోర్టుల్లో ఇదే మార్పు 7వ స్థానం అని ఉంటుంది, మొదటి మెథియొనైన్‌ని కూడా లెక్కేస్తారు. రెండు అంకెలు ఎందుకున్నాయో ఒక లైన్ రాయకపోతే మళ్లీ ఆపేస్తారు.

రిటైర్డ్_లెక్చరర్_వరంగల్

నీ నిర్మాణం స్ఫటికం నుంచి తీసింది. స్ఫటికంలో కనిపించిన ప్రతి కాంటాక్టూ ఒంట్లో ఉండాలని లేదమ్మా, సర్దుకోవడానికి ఆనుకున్నవీ ఉంటాయి. ఇక్కడ మాత్రం స్ఫటికంలోని జంట పోగే (పక్కపక్కన ఆనుకున్న రెండు హిమోగ్లోబిన్ వరుసలే) తాడులోనూ ఉందని వేరే దారుల్లోనూ తేల్చారు. ఆ మాట నువ్వే ముందు చెప్పు, వాళ్లు అడిగేదాకా ఆగకు.

హనుమకొండ_ఎమ్మెస్సీ

రాస్తాను సార్. బుధవారం మళ్లీ రివ్యూ. రెండు పట్టికలూ, ఒక్కోదానికి ఏ బిందువుల మధ్య కొలిచానో పైనే రాసి తీసుకెళ్తున్నాను. ములుగు అక్కా, మీ కంట్రోల్ ట్యూబ్‌లు (సికిల్ ఉందని, లేదని ముందే తెలిసినవి) రెండూ పక్కపక్కన పెట్టి, వెనక గీతల కార్డుతో ఒక ఫొటో పంపగలరా? మొదటి స్లైడ్‌లో అదే పెడతాను.